తలుపు పక్కన మిషను

మా పిల్ల మిషను కింద కూలబడినప్పుడు నేను ఇరవై అడుగుల దూరంలో ఉన్నాను. నా చేతిలో కత్తెర ఉంది, ముందు చొక్కాల గుట్ట ఉంది. నేను లేవలేదు. పనిచేసుకునే వాళ్ళు, చదువుకునే పిల్లలు, ఎవరు ఇది చదివినా ముందు ఈ సంగతి తెలుసుకోవాలి. దీన్ని దాచిపెట్టి మిగతాది చెబితే నా మాటకు విలువ ఉండదు.

మాది చొక్కాలు కుట్టే కంపెనీ. వరుసకు నలభై మిషన్లు, నలభై మంది ఆడవాళ్ళు. వరుస మొదట్లో స్తంభానికి ఒక మేకు, ఆ మేకుకు ఒక చెక్క టోకెను. మిషను వదిలి బయటికి వెళ్ళాలంటే ఆ టోకెను మెడలో వేసుకోవాలి. అది మేకుకు లేదంటే ఎవరో వెళ్ళారని అర్థం. ఆమె తిరిగొచ్చేదాకా మిగతా ముప్పై తొమ్మిది మందీ బిగబట్టుకుని కూర్చోవాలి. కడుపుతో ఉన్నా అంతే, జ్వరంతో ఉన్నా అంతే. నాది కుట్టు పని కాదు. కుట్టిన చొక్కాలకు వేలాడే దారాలు కత్తిరిస్తాను. మా కత్తెరలకు ఒక్కోదానికీ ఒక నంబరు, ఒక నాడా ఉంటాయి. పొద్దున మెడలో వేసుకుంటే సాయంత్రం అప్పజెప్పేదాకా తీయకూడదు. ఇరవై ఏళ్ళుగా నా మెడలో పన్నెండో నంబరు కత్తెర ఉంది.

ఆ రోజు టోకెను మేకుకు లేదు. మా పిల్లది ఇరవై రెండో మిషను, వరుసకు నడిమధ్యన. అటు చూసినా ఇటు చూసినా తలలే. పిల్ల లేచి నిలబడింది. సూపర్‌వైజరు వచ్చాడు. చేతిలో స్టాప్‌వాచ్ పెట్టుకుని ఒక్కో కుట్టుకు ఎన్ని క్షణాలు పట్టిందో కొలుస్తుంటాడు. వెనకాల మేమంతా గడియారం సారంటాం.

"ఎక్కడికి?"

"బయటికి సార్. ఊపిరాడట్లేదు."

"టోకెనేది?"

"వచ్చేదాకా ఆగలేను సార్."

"అందరూ పీల్చే గాలే కదా నువ్వూ పీల్చేది. నీకొక్కదానికే తక్కువైందా? కూర్చో."

దారికి అడ్డంగా నిలబడ్డాడు. పిల్ల పెదవులు తెల్లబడ్డాయి. మిషను అంచు పట్టుకోబోయి, అందక, దాని కిందికి జారిపోయింది. ముప్పై ఎనిమిది మిషన్లు ఆడుతూనే ఉన్నాయి. తర్వాత ఒకటి ఆగింది. బొత్తాలు కుట్టే ఆమె లేచింది. నోరు మూతపడదు కనుక ఆమెను రేడియో అంటారు. ఆ రోజు మాత్రం ఒక్క మాట కూడా మాట్లాడకుండా వెళ్ళి పిల్ల తలను ఒళ్ళో పెట్టుకుంది. గడియారం సారు ఇద్దరి పేర్లూ రాసుకున్నాడు. నేను ఒక చొక్కా దారం కత్తిరించాను. తర్వాత ఇంకో చొక్కా తీసుకున్నాను.

మాది ఒక్క గది ఇల్లు. పిల్ల నాన్న పోయి తొమ్మిదేళ్ళు. అప్పటినుంచీ ఆ గదిలో ఇద్దరమే. పిల్ల మాత్రలు ఉప్పు డబ్బా వెనక దాచేదాన్ని. ఎవరైనా తలుపు కొడితే డబ్బాను ఇంకాస్త ముందుకు జరిపేదాన్ని. పెద్దాసుపత్రి డాక్టరమ్మ ఎప్పుడో చెప్పింది. గుండెజబ్బు కాదు, గాలీ ధూళీ కాదు, దీన్ని పానిక్ అంటారు, ఉన్నట్టుండి భయం కమ్మి ఊపిరాడదు, మందు వేసుకుంటూ పని చేసుకోవచ్చు అని. అందులో నేను వినాల్సింది పని చేసుకోవచ్చన్న మాట. నేను విన్నది జబ్బు పేరు ఒక్కటే. నా తీరే అంత. పిల్ల దగ్గితే చాలు, నా ఆలోచన శ్మశానం దాకా వెళ్ళి తిరిగొస్తుంది.

ఆ సాయంత్రం పిల్ల డాక్టరు కాగితం పక్కన పెట్టుకుని అర్జీ రాసింది. నన్ను మధ్య మిషను నుంచి మార్చి తలుపు పక్కన మిషను ఇవ్వండి. ఊపిరాడనప్పుడు టోకెను కోసం చూడకుండా పది నిమిషాలు బయటికి వెళ్ళనివ్వండి. రాత్రి వేసుకునే మాత్రల మత్తు పొద్దుటిదాకా ఉంటోంది కనుక అరగంట ఆలస్యంగా వచ్చి అరగంట ఆలస్యంగా వెళ్తాను. అంతే రాసింది.

"రేడియో అక్క చెప్పిందమ్మా. మనసు జబ్బు కూడా వైకల్యం కిందికే వస్తుందట. నడవలేని వాళ్ళకు మెట్ల పక్కన వాలు కట్టినట్టే నాకు కావలసింది నేను అడగొచ్చట. చట్టంలోనే ఉందట."

"చట్టంలో చాలా ఉంటాయి. అందులోనే ఉంటాయి, బయటికి రావు."

"అడగందే అమ్మయినా పెట్టదంటారు కదా."

"అమ్మ పెడుతుందే. కంపెనీ అమ్మ కాదు. ఈ కాగితం ఇచ్చావంటే రేపట్నుంచి నిన్ను పిచ్చిదంటారు. పనిలోంచి తీసేస్తారు. ఇంటాయన ఖాళీ చేయమంటాడు. కడుపునొప్పని చెప్పుకో. ఏ రోజుకారోజు గడిచిపోతుంది."

"ఏడాదిగా అదేగా చెబుతున్నాను. కడుపునొప్పికి మాత్రిచ్చి మళ్ళీ మధ్యలోనే కూర్చోబెడుతున్నారు."

జవాబు లేనప్పుడు తల్లులు చేసే పనే చేశాను. అన్నం తినమన్నాను.

మర్నాడు పిల్లకంటే ముందే బయల్దేరి మేనేజరు గదికి వెళ్ళాను. అర్జీ అందేలోపు కాళ్ళో గడ్డమో పట్టుకుంటే గొడవ లేకుండా పోతుందని నా ఎత్తు. ఆయన కుర్చీ చూపించాడు. ఇరవై ఏళ్ళలో ఆ గదిలో నేను కూర్చోవడం అదే మొదటిసారి. కూర్చోగానే ఓడిపోయానని నాకు తర్వాత తెలిసింది.

"అయ్యా, పిల్ల తెలియక ఏదో రాసింది. నలుగురిలో ఉంటే దానికి భయమేస్తుంది. కాస్త కనిపెట్టి ఉండండి. ఎవరికీ చెప్పకండి."

"మీరు తల్లి. మీకంటే ఎవరికి తెలుసు?" అన్నాడు మెత్తగా. "అదే ముక్క ఇక్కడ రాసివ్వండి. నేను చూసుకుంటాను."

నాకు ఏడో తరగతి దాకా వచ్చిన చదువు అంతకుముందు ఎందుకూ పనికిరాలేదు. ఆ రోజు పనికొచ్చింది. "నా కూతురికి నలుగురిలో ఉండటం పడదు. దయతో చూడగలరు" అని గుండ్రంగా రాసి సంతకం పెట్టాను.

మూడో రోజు నోటీసు బోర్డు మీద కాగితం పడింది. ఉద్యోగి కోరికనూ, తల్లి లిఖితపూర్వక వినతినీ మానవతా దృష్టితో పరిశీలించి సదరు ఉద్యోగికి ప్రత్యేక స్థలం కేటాయించడమైనది అని. ఆ ప్రత్యేక స్థలం ముక్కల గది. గుడ్డ కోయగా మిగిలిన ముక్కలన్నీ అక్కడ పోస్తారు. కిటికీ లేదు. ఒక ట్యూబులైటు. నూలు దుమ్ము బయటికి వస్తుందని తలుపు మూసి ఉంచుతారు. పిల్ల మిషనును అక్కడికి లాక్కెళ్ళి గోడకు మొహం పెట్టి వేశారు. బయటికి వెళ్ళాలంటే మాత్రం వరుస మొదట్లో ఉన్న అదే మేకు, అదే టోకెను. ఇదివరకు యాభై అడుగులు నడిస్తే మేకు వచ్చేది. ఇప్పుడు నూట పది.

"నువ్వడిగిందేగా ఇచ్చాం," అన్నాడు గడియారం సారు. "ఇంకా మొహం మాడ్చుకుంటావేం?"

ఆ రోజు ఇంటికొచ్చాక పిల్ల చెప్పులు విప్పి, గోడకానుకుని నిలబడి అడిగింది.

"నాకు జనం పడదని నీకెవరు చెప్పారమ్మా? నేను తలుపు అడిగాను. జనం వద్దనలేదు."

ఆ తర్వాత పదకొండు రోజులు నాతో మాట్లాడలేదు. కోపంతో అయితే బాగుండేది, కోపానికి ఎదురు చెప్పొచ్చు. ఇది అది కాదు. గిన్నె అందిస్తే అందుకునేది. దీపం ఆర్పనా అంటే తలూపేది. రెండు చాపల మధ్య మూరెడు దూరం. ఆ మూరెడు దూరంలో ఒక ఊరు ఊరంతా ఖాళీగా ఉన్నట్టుండేది. కంపెనీలోనూ అంతే. అన్నం తినే షెడ్డులో మేమిద్దరం కూర్చునే బల్ల కొసన నేనొక్కదాన్నే కూర్చునేదాన్ని. పిల్ల ముక్కల గదిలోనే తినేది. ఎవరో ఒకరు నా వైపు చూసి, నేను చూడగానే డబ్బాలోకి చూసుకునేవారు. జబ్బు అంటుతుందని కాదు. నోటీసు బోర్డు అంటుతుందని.

పన్నెండో రోజున మా బల్ల దగ్గర పోగైన దారపు పీచును సంచిలో కట్టి ముక్కల గదిలో పోసి రమ్మన్నారు. తలుపు తోశాను. దుమ్ముకు దగ్గొచ్చింది. పిల్ల వెనక్కి తిరగలేదు. మిషను పక్కన, ఆవాళ్టి పని అంతా మడతపెట్టి ఉంది. దాని పక్కన ఇంకో చిన్న గుట్ట. కాలర్లలో వేసే బిరుసు గుడ్డను అరచేయంత ముక్కలుగా కోసి, అంచులు కుట్టి, పైన నాడా వేసి, మధ్యలో ఎర్ర దారంతో అంకెలు కుట్టి ఉన్నాయి. టోకెన్లు.

"ఇవేంటే?"

తల తిప్పకుండానే పలికింది. "ఇక్కడ కూర్చుంటే ఎవరూ కనిపించరు. మిషన్ల చప్పుడు గోడలోంచి వస్తుంది గానీ ఎవరిదేదో తెలియదు. అందుకని ఒక్కొక్కరినీ తలుచుకుంటూ ఒక్కోటి కుట్టాను. ఇది మూడో మిషను, కాలరమ్మది. అస్సలు నీళ్ళు తాగదు, గమనించావా? ఇది పదకొండు. ఆమె టోకెను తీసుకుంటే కళ్ళు కడుక్కుని వస్తుంది."

లెక్కపెట్టాను. నలభై ఉన్నాయి.

"మరి నాకు?"

"నువ్వు మా వరుస కాదుగా," అంది.

పీచు పోసేసిన ఖాళీ సంచిలోకి ఆ నలభై టోకెన్లూ ఎత్తుకున్నాను. పిల్ల ఇంకో చొక్కా అందుకుంది.

సాయంత్రం పని దిగాక సైకిళ్ళ షెడ్డు వెనక మా పిల్ల వరుస ఆడవాళ్ళను రేడియో ఆపింది. మాట్లాడాలని నేనే అడిగాను.

"తొందరగా కానీ పిన్నీ, పొయ్యి మీద ఎసరు పెట్టాలి," అంది ఎవరో.

"ఆ ఉత్తరం రాసింది నేనే," అన్నాను. "పిల్ల అలా అడగలేదు. తలుపు పక్కన మిషను అడిగింది. నేను పోయి జనం పడదని రాసిచ్చాను."



"కన్నతల్లివేనా నువ్వు?" అంది వెనకనుంచి ఒకామె.

"కన్నతల్లిని గనుకే. భయమేసింది."

"భయమేస్తే కొంగున కట్టుకోవాలి గానీ, తీసుకెళ్ళి వాడి చేతికిస్తామా?"

ఇంకో నాలుగు మాటలు పడ్డాయి. పడాల్సినవే. అప్పుడు కాలరమ్మ ముందుకొచ్చింది. కాలర్లు కుట్టే మనిషి, నలుగురూ ఆమె మాట వింటారు.

"పిల్ల మీద నాకూ జాలే అక్కా. కానీ ఇది ఒక్కదాని జబ్బు. దీనికోసం నలభై పొయ్యిలు ఆర్పుకుంటామా?"

"ఒక్కదాని జబ్బా?" అంది రేడియో. "పిల్లకు జబ్బుందని డాక్టరు కాగితమైనా ఉంది. నలభై మందికి ఒకే టోకెనని లెక్కేసినవాడికి ఏ డాక్టరు కాగితమిచ్చాడో చెప్పు."

"మొదలుపెట్టింది. బ్యాటరీ అయ్యేదాకా ఆగదిక," అంది గుంపులోంచి ఒకామె.

నవ్వారు. ఆ నవ్వులోనే నేను సంచి బోర్లించాను. ఎర్ర అంకెలు నేలమీద పడ్డాయి. మూడో నంబరు వెతికి కాలరమ్మకు అందించాను.

"ఇది నీకు కుట్టింది. నువ్వు పొద్దుట్నుంచి సాయంత్రందాకా నీళ్ళే తాగవని చెప్పింది."

"దానికెట్లా తెలుసు? నాకు వెనక ఎక్కడో కూర్చునేదిగా."

"టోకెను కోసం ఎవరు లేస్తారా అని చూస్తూ కూర్చునేది. నువ్వు ఎప్పుడూ లేవలేదట."

కాలరమ్మ ఆ గుడ్డముక్కను అటూ ఇటూ తిప్పింది. "మూత్రపిండాల్లో రాళ్ళన్నారు," అంది ఎవరితోనో కానట్టు. "నీళ్ళు బాగా తాగమన్నారు. తాగితే లేవాలి కదా. లేస్తే టోకెనుండాలి కదా."

పదకొండో మిషను ఆమె ఎప్పుడూ నోరు విప్పదు. వంగి తన నంబరు తనే ఏరుకుంది. "నేనూ మాత్రలు వేసుకుంటాను. బాబు పోయిన దగ్గర్నుంచి. ఇంట్లో బలానికని చెప్పాను." అంతే అని పక్కకు జరిగి నిలబడింది.

నాకు నా ఉప్పు డబ్బా గుర్తొచ్చింది. ఈ నలభై ఇళ్ళలో ఎన్ని ఉప్పు డబ్బాలున్నాయో అనుకున్నాను. ఒక్కో డబ్బా వెనక ఒక్కో మనిషి ఒక్కతే కూర్చుని ఉంది. కంపెనీకి కావలసింది అదే. జబ్బు మనదని ఒప్పుకుంటే, మేకు ఎవరు కొట్టారని మనం అడగం.

అందరూ తీసుకోలేదు. ఆరుగురు తల వంచుకుని సైకిళ్ళెక్కి వెళ్ళిపోయారు. వాళ్ళను తిట్టే నోరు నాకు లేదు. మర్నాడు పొద్దున గేటు దగ్గర వాళ్ళలో నలుగురు వచ్చి తమ నంబర్లు అడిగారు.

పదిన్నరకు రేడియో బొత్తాల మిషను ఆపింది. పక్క మిషను ఆగింది. చీకట్లో ఒక్కో దీపం ఆరినట్టు కాదు, వాన వెలిసినట్టు ఆగాయి. ఏదో చప్పుడు ఇన్నేళ్ళూ చెవిలో ఉండిపోయిందని అది పోయాక తెలిసింది. ముప్పై ఏడు మంది లేచి మెడలో గుడ్డ టోకెన్లు వేసుకున్నారు. వరుసగా నడిచి ముక్కల గది తలుపు తీశారు.

గడియారం సారు అడ్డం తిరిగాడు. "ఎక్కడికి? టోకెనేది?"

"ఇదిగో," అంది కాలరమ్మ, మెడలోది చూపిస్తూ. "చదువుకో సార్. మూడు."

మిషను బరువు. ఇనప బల్ల, మోటారు. ఆరుగురు ఎత్తారు, ఇద్దరు వైరు పట్టుకున్నారు, మిగతావాళ్ళు దారి చేశారు. గుమ్మంలో ఒక కాలు తట్టుకుంటే రేడియో, "ఎత్తండే, పెళ్ళికూతురికైనా ఇంత బరువుండదు," అంది. నూట పది అడుగులు మోసుకొచ్చి తలుపు పక్కన దించారు. పిల్ల తన కుర్చీ తనే తెచ్చుకుని కూర్చుంది. మెడలో ఇరవై రెండు.

మేనేజరు వచ్చాడు. చేతిలో మైకు, రెండో చేతిలో నా ఉత్తరం.

"మేం దయతో చేసిన ఏర్పాటిది. నా మాట కాదు, కన్నతల్లి మాట వినండి," అని చదివాడు. నా కూతురికి నలుగురిలో ఉండటం పడదు. ఆ మైకులో నా మాట గోడలకు తగిలి తిరిగి తిరిగి వచ్చింది. దయతో చూడగలరు.

నా బల్ల దగ్గర్నుంచి పిల్ల వైపు చూశాను. పెదవులు తెల్లబడ్డాయి. పిల్ల లేచింది. ఎవరినీ అడగలేదు. రెండు అడుగులు వేస్తే తలుపు, తలుపు దాటితే మెట్లు. మెట్ల మీద కూర్చుని మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఊపిరి లెక్కపెట్టుకుంది. ఎవరూ వెంటపడలేదు, నీళ్ళు చల్లలేదు. పది నిమిషాలు కాకముందే తనే వచ్చి కూర్చుంది. ఏడాదిగా దానికి కావలసింది ఇంతే.

ఈసారి నేను లేచాను.

"ఆ రాత నాదే," అన్నాను. నా గొంతు నాకే వినిపించలేదు. మళ్ళీ అన్నాను. "రాత నాదే. తప్పు రాశాను. కాగితమివ్వండి, సరిచేసిస్తాను."

మేనేజరు ఇవ్వలేదు. చొక్కాలు ప్యాక్ చేసే అట్ట ఒకటి తీసుకుని, పిల్ల రాసిన అర్జీని మాటకు మాట నా గుండ్రటి అక్షరాల్లో రాశాను. తలుపు పక్కన మిషను. పది నిమిషాలు. అరగంట. కింద ఇంకొకటి కలిపాను. ప్రతి మనిషికీ ఒక టోకెను, లేదా అసలు టోకెనే వద్దు. ముప్పై ఎనిమిది సంతకాలు పడ్డాయి. పట్టుకెళ్ళి మేనేజరు ముందు నిలబడ్డాను. ఇంతలో ఆయన నా మొహం చూడటం మానేసి నా ఛాతీ వైపు చూశాడు.

పన్నెండో నంబరు కత్తెర నా మెడలోనే ఉంది. బల్ల దాటి తెచ్చానని నాకు తోచనే లేదు. ఇరవై ఏళ్ళలో అది నా ఒంట్లో ఒక ఎముకైపోయింది.

పోలీసులు వచ్చినప్పుడు ఈమె ఆయుధంతో మేనేజరు మీదికొచ్చిందని కంపెనీవాళ్ళు చెప్పారు. రేడియో, "ఆ కత్తెర మెడలో వేసింది మీరే కదయ్యా," అని గొంతు చించుకుంది. వినలేదు. నన్నొక్కదాన్నే తీసుకెళ్ళారు.

స్టేషను కంపెనీ వెనక వీధిలోనే. ఒక బల్ల, ఒక గోడ, ఊచల కిటికీ. కత్తెర తీసి కాగితంలో చుట్టి సీలు వేశారు. మెడ తేలికైంది, ఆ తేలిక నాకు చేతకాలేదు. ఇరవై ఏళ్ళలో నేను భయపడనిది లేదు. పని పోతుందని, పిల్లను పిచ్చిదంటారని, పోలీసులొస్తారని, నలుగురిలో నవ్వులపాలవుతానని. ఒక్క పూటలో అన్నీ జరిగాయి. ఇంక భయపడటానికి ఏం మిగిలిందా అని వెతుక్కుంటూ ఆ బల్ల మీద ఒక్కదాన్నే కూర్చున్నాను. ఊపిరి అందనట్టయింది. అరచేతులు చల్లబడ్డాయి. పిల్లకు ఇలాగే ఉంటుంది కాబోలని అప్పుడు తెలిసింది.

కిటికీ దగ్గర నీడ పడింది. పిల్ల. వెనక వీధి నిండా ఎర్ర అంకెలు.

ఊచల మధ్యనుంచి ఒక గుడ్డముక్క చేతికిచ్చింది. నాడా ఇంకా కొత్తగా ఉంది. మధ్యలో నలభై ఒకటి.

"భయంగా ఉందా అమ్మా?"

పన్నెండు రోజుల తర్వాత తనంతట తనే నన్ను పలకరించిన మొదటి మాట.

"ఉంది."

"తలుపు పక్కకు జరిగి కూర్చో. ఊపిరి లెక్కపెట్టుకో. పది నిమిషాల్లో తగ్గుతుంది."

జరిగి కూర్చున్నాను. నాలుగు దాకా లెక్కపెట్టానో లేదో, అన్నం వేళ అయిపోయిందని కూత వేసింది కంపెనీ. ఇరవై ఏళ్ళుగా ఆ కూత వింటే నా కాళ్ళు వాటంతటవే లేచేవి. లేవలేదు. వీధిలో చెప్పుల చప్పుడు కోసం చెవులు రిక్కించాను.

ఒక్క జత కూడా కదల్లేదు.